పాత యాట్ చవగ్గా వస్తోందంటే ముందు డెక్ తట్టి చూడండి

సంపాదకులకు నమస్కారం.

శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో పాత తెరచాప పడవలు ఐదారు వేల డాలర్లకే దొరుకుతున్నాయనీ, పాత కారు కన్నా చవక అనీ, అద్దె ఇల్లు వదిలేసి అందులోనే కాపురం పెట్టొచ్చనీ మీ ప్రవాస పేజీలో వచ్చిన వ్యాసం చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. ధర మాట నిజమే. బర్క్‌లీ, అలమేడా, రిచ్‌మండ్ మెరీనాల్లో (పడవలు కట్టి ఉంచే రేవుల్లో) 1970, 80లలో తయారైన 27–30 అడుగుల యాట్లు ఆ ధరకు వస్తాయి, ఒక్కోసారి ఊరికే ఇస్తామనేవాళ్ళూ ఉంటారు. కాపురం మాట మాత్రం అంత తేలిక కాదు. బే తీరాన్ని పర్యవేక్షించే రాష్ట్ర సంస్థ బీసీడీసీ నియమం ప్రకారం, మెరీనాలోని మొత్తం బెర్తుల్లో, అంటే పడవ కట్టుకునే చోట్లలో, కాపురముండే పడవలు పదో వంతు మించకూడదు. ఆ అనుమతి ముందు చేతిలో ఉంటేనే మిగతా లెక్కలు వేసుకోవాలి.

అసలు సంగతి వేరే ఉంది. ఎందుకంత చవగ్గా ఇస్తున్నారన్నది వ్యాసంలో ఎక్కడా లేదు.

ఈ పడవలు ఫైబర్‌గ్లాస్‌వి, ఆ ఫైబర్ కుళ్ళదు. నలభై ఏళ్ళు దాటినా పడవ గుల్ల చాలామటుకు గట్టిగానే ఉంటుంది. కుళ్ళేది ఆ ఫైబర్ పొరల మధ్య దాగిన చెక్క. తుప్పు పట్టేవి డెక్‌ను (మనం నడిచే పై తలాన్ని) దాటి లోపలికి దిగిన స్టీలు పట్టీలు, పడవ ఒరిగిపోకుండా అడుగున వేలాడే బరువైన కీల్‌ను పట్టుకున్న బోల్టులు. ఇవేవీ ఫోటోల్లో కనబడవు, కొత్త రంగు కిందా కనబడవు. కానీ పడవను పరీక్షించి నివేదిక ఇచ్చే సర్వేయర్‌కు డబ్బు కట్టకముందే కొనేవాళ్ళు ఓ పూట ఓపిగ్గా వెతికితే వీటిలో చాలావాటిని తామే పట్టుకోవచ్చు. ఆ తీరు చెప్పడమే ఈ ఉత్తరం ఉద్దేశం. స్థలం చాలకపోతే కత్తిరించుకోండి గానీ డెక్ గురించిన భాగం మాత్రం ఉంచమని మనవి.

ఉదాహరణకు కేటలినా 30 తీసుకుంటాను. కాలిఫోర్నియాలోనే పుట్టిన మోడల్. 1970ల మధ్య నుంచి ఆరు వేలకు పైగా తయారయ్యాయి కాబట్టి బే ప్రాంతంలో మన వాళ్ళు చూడబోయే పడవ అదే కావడానికి అవకాశం ఎక్కువ. మంచి పడవ, విశాలమైన పడవ. దాని జబ్బులు కూడా అందరికీ తెలిసినవే, అది కొనేవాళ్ళకు మేలు. ఇక్కడ చెప్పేవాటిలో చాలావరకు ఆ కాలపు ఎరిక్‌సన్, ఐలాండర్, పియర్సన్, కొలంబియా పడవలకూ వర్తిస్తాయి.

వెంట తీసుకెళ్ళాల్సినవి తక్కువే: ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్, మంచి టార్చి, భూతద్దం, చిన్న అద్దం, పాత నూలుగుడ్డ, నేల మీద పాకడానికి పనికొచ్చే బట్టలు. వీలైతే వాన పడిన మర్నాడు వెళ్ళండి. కాలిఫోర్నియాలో వాన నవంబరు నుంచి మార్చి దాకానే. అమ్మకాలు ఊపందుకునేదేమో వేసవిలో, అప్పుడు ఏ పడవైనా లోపల పొడిగానే కనిపిస్తుంది. వేసవిలో చూస్తుంటే యజమానిని అడిగి, రేవులోని నీళ్ళ గొట్టంతో కిటికీల మీదా, స్టీలు పట్టీలు డెక్‌లోకి దిగే చోటా పది నిమిషాలు నీళ్ళు కొట్టించి, తర్వాత లోపలికెళ్ళి చూడండి. వద్దనే యజమాని కూడా ఒక సమాధానం ఇచ్చినట్టే.

డెక్ అంటే ఒకే పలక కాదు. పైన ఒక ఫైబర్ పొర, కింద ఒక ఫైబర్ పొర, మధ్యలో ప్లైవుడ్డో బాల్సా చెక్కో ఉంటుంది. తక్కువ బరువుతో గట్టిదనం రావడానికి అలా కడతారు. అది తప్పు పద్ధతేమీ కాదు. గోవాలో కట్టిన మన నౌకాదళ యాట్ తారిణి కూడా చెక్కకు రెండు వైపులా ఫైబర్ పరిచి కట్టినదే. 2017–18లో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య సహా ఆరుగురు మహిళా అధికారులు దాని మీదే ప్రపంచాన్ని చుట్టివచ్చారు. తేడా అంతా మధ్య చెక్కకు నీరు తగలనిచ్చామా లేదా అన్న దగ్గరే. డెక్ మీద బిగించిన ప్రతి సామానుకూ బోల్టు రంధ్రాలుంటాయి. నీరు దిగకుండా ఆ రంధ్రాల చుట్టూ పెట్టిన సీలెంట్ పూత పది పదిహేనేళ్ళకు గట్టిపడి పట్టు వదిలేస్తుంది. వెంట్రుకవాసి సందు చాలు. ఏటా కొన్ని చుక్కలు లోపలికి దిగుతాయి, బయటికి వచ్చే దారి ఉండదు. చెక్క నాని, నల్లబడి, చివరికి ముద్దయిపోతుంది. పైనుంచి చూస్తే డెక్ మెరుస్తూనే ఉంటుంది.

దీన్ని పట్టుకోవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి విన్నట్టే, స్క్రూడ్రైవర్ పిడితో డెక్ మీద జానెడుకు ఒకసారి తట్టుకుంటూ వెళ్ళండి. చెక్క బాగున్న చోట టక్కుమని పొడి శబ్దం వస్తుంది. నానిన చోట దబ్ మని మందంగా పలుకుతుంది, పిడి కూడా తిరిగి ఎగరదు. ముందు ఏమీ బిగించని ఖాళీ చోట తట్టి మంచి శబ్దం ఎలా ఉందో చెవికి పట్టించుకోండి. తర్వాత అంచు వెంట కంచెలా నిలబడే స్టాంచన్ల మొదళ్ళ దగ్గరికి వెళ్ళండి. రేవులో పడవెక్కే ప్రతివాళ్ళూ వాటినే పట్టుకుని లాగుతారు కాబట్టి అక్కడ సీలెంట్ ముందుగా ఊడుతుంది. స్టాంచన్‌ను చేత్తో ఊపుతూ కింద పాదం కదులుతోందేమో చూడండి. అక్కడి నుంచి చైన్‌ప్లేట్ల (ఇందాక చెప్పిన స్టీలు పట్టీల) చుట్టూ, మాస్ట్ అనే తెరచాప స్తంభం మొదలు, ముందున్న హ్యాచ్ (డెక్ మీది మూత తలుపు) అంచులు, తాళ్ళు బిగించే వించ్‌ల కింద తట్టండి. శబ్దం మారిన చోటల్లా చిన్న టేపు ముక్క అంటించుకుంటూ పోతే, అరగంటకు నానిన భాగం మొత్తం పటంలా కళ్ళకు కడుతుంది.

రెండు మూడు చోట్ల అరచెయ్యంత మేర నానితే భయపడక్కర్లేదు, ధర తగ్గించి తీసుకోవచ్చు. ఒక స్టాంచన్ దగ్గర మొదలైన తడి పక్క స్టాంచన్ దాకా పాకితేనో, మాస్ట్ చుట్టూ అడుగు వేస్తే డెక్ మెత్తగా దిగితేనో వదిలెయ్యడం మేలు. బాగు చెయ్యాలంటే పై పొర కోసి తీసి, కుళ్ళిన చెక్క గీకి, ఆరబెట్టి, కొత్త చెక్క ఎపాక్సీ అనే గట్టి జిగురుతో అతికించి, మళ్ళీ ఫైబర్ పరిచి, జారకుండా గరుకు రంగు వెయ్యాలి. సరుకు ఖరీదు కొద్ది వందల డాలర్లే. కూలి మాత్రం వారాల లెక్కన పడుతుంది. కొందరు అమ్మేవాళ్ళు డెక్‌కు వరసగా చిన్న రంధ్రాలు వేసి ఎపాక్సీ పోసి మూసేస్తారు. తడి చెక్కకు ఎపాక్సీ అంటదు. గరుకు రంగు మీద ఒకే పరిమాణంలో వరస చుక్కలు కనిపిస్తే అదే పని జరిగిందని అర్థం.

డెక్ మీద టేకు పలకలున్న యాట్ అయితే అనుమానం రెట్టింపు చేసుకోండి. 1970, 80లలో తైవాన్‌లో కట్టిన పడవలకు అందం కోసం టేకు పరిచి, వందల స్క్రూలతో పై పొరలోకి బిగించారు. ఒక్కో స్క్రూ నీటికి ఒక్కో దారి.

ఇక చైన్‌ప్లేట్లు. మాస్ట్‌ను రెండు పక్కలా లాగి నిలబెట్టే స్టీలు తీగలు వచ్చి కలిసే పట్టీలివి. డెక్‌లోని సన్నని చీలిక గుండా కిందికి దిగి, లోపల బల్క్‌హెడ్ అనే అడ్డు చెక్కకు బోల్టులతో బిగిసి ఉంటాయి. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదని మనకు గట్టి నమ్మకం. దాని మీద ఉండే సన్నని ఆక్సైడ్ పొరే దాన్ని కాపాడుతుంది, ఆ పొర నిలవాలంటే గాలి తగలాలి. డెక్ మందంలో తడి సీలెంట్ మధ్య ఇరుక్కున్న రెండు అంగుళాల భాగానికి గాలి అందదు, ఉప్పునీరు మాత్రం అందుతుంది. అక్కడ పొర చెదిరి, సన్నని గుంటలూ బీటలూ పడతాయి. పట్టీ పైన మెరుస్తుంది, కిందా మెరుస్తుంది, తెగేది మధ్యలో. వేసవి మధ్యాహ్నాల్లో గోల్డెన్ గేట్ గుండా 20–25 నాట్ల (గంటకు 37–46 కిలోమీటర్ల) గాలి కొట్టడం బేలో మామూలు సంగతి. ఆ గాలిలో ఒక పట్టీ తెగితే మాస్ట్ మొత్తం పక్కకు ఒరిగి పడుతుంది.

అందువల్ల లోపలికి వెళ్ళి పట్టీ దిగిన చోట టార్చి వేసి చూడండి. చెక్క మీద గోధుమ రంగు చారలు, వార్నిష్ పొరలు లేవడం, స్క్రూడ్రైవర్ మొన గుచ్చితే దిగబడే మెత్తదనం కనిపిస్తే నీరు ఎన్నేళ్ళుగానో వస్తున్నట్టే. బల్క్‌హెడ్ కుళ్ళితే పట్టీ కొత్తది వేసినా బిగించే ఆధారం ఉండదు. ఆ అడ్డు చెక్కను పడవ గుల్లకు అతికించిన ఫైబర్ పట్టీలు ఊడి వచ్చాయేమో అంచుల వెంట వేలితో నొక్కి చూడండి. పైకి అంతా బాగున్నట్టే కనిపించినా ఒక పట్టీనైనా పూర్తిగా ఊడదీయించి భూతద్దంతో చూడాలి. ముందు ఆ పక్క బరువు తాడు మీదికి మళ్ళించి తీగ వదులు చెయ్యాలి కాబట్టి ఈ పని మాస్ట్, తీగల పని చేసే రిగ్గర్ చేత చేయించండి, సొంతంగా వద్దు.

తీగల సంగతి కూడా రిగ్గర్‌దే. పైన ఉప్పు గాలి, కింద ఉప్పునీటి తుంపర ఉన్న చోట స్టీలు తీగలను పది పదిహేనేళ్ళకు మార్చాలని సాధారణ లెక్క. ఎప్పుడు మార్చారో రసీదు చూపమనండి. రసీదు లేకపోతే మార్చలేదనే అనుకోవాలి. నూలుగుడ్డతో తీగను పట్టుకుని పైనుంచి కిందికి దువ్వండి. తెగిన పోగు ఉంటే గుడ్డ పట్టుకుంటుంది, చెయ్యి మాత్రం పెట్టొద్దు. తీగ చివర గొట్టంలా నొక్కి బిగించిన స్వేజ్‌లను, అందులోనూ డెక్ దగ్గర ఉన్నవాటిని, భూతద్దంతో చూడండి. నీరు తీగ వెంట దిగి అక్కడే నిలుస్తుంది, పగుళ్ళు నిలువుగా వెంట్రుకలా మొదలవుతాయి. 30 అడుగుల యాట్‌కు తీగలన్నీ మార్పిస్తే ఖర్చు చాలాసార్లు పడవ కొన్న ధరను దాటిపోతుంది.

కేటలినా 30లో మాస్ట్ డెక్ మీదే నిలబడుతుంది, దాని బరువు మోయడానికి లోపల నిలువు కంబం ఉంటుంది. పాతవాటిలో ఆ కంబం కింద, బిల్జ్ అనే పడవ అట్టడుగు గుంటలో, చెక్క దిమ్మ ఉండేది. బిల్జ్‌లో ఎప్పుడూ కాసిన్ని నీళ్ళుంటాయి, దిమ్మ కుళ్ళి కంబం కిందికి దిగుతుంది. బాత్రూమ్ తలుపు పట్టేసి మూసుకోకపోవడం, మాస్ట్ చుట్టూ డెక్ పళ్ళెంలా గుంట పడటం, తీగలు ఎంత బిగించినా మళ్ళీ వదులవడం దీని గుర్తులు. బాగు చెయ్యగలిగిన జబ్బే గానీ మాస్ట్ దించకుండా కుదరదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ పడవ నీళ్ళలో ఉండగా చూడొచ్చు. మిగతా సగం చూడటానికి క్రేన్‌తో పైకి తీయించక తప్పదు. ఆ ఖర్చు కొనేవాళ్ళదే. కొన్ని వందల డాలర్లు మిగులుతాయని దీన్ని వదిలేసేవాళ్ళు చాలామంది. దయచేసి అలా చెయ్యొద్దు.

పైకి తీయగానే మొదట కీల్ చూడండి. ఈ మోడల్‌లో మామూలు కీల్ 4,200 పౌండ్ల సీసం, అంటే దాదాపు 1,900 కిలోలు. బోల్టులతో పడవ అడుక్కి వేలాడుతూ ఉంటుంది. పాత పడవల్లో ఆ అతుకు పైన ఫైబర్ మధ్య చెక్క పెట్టారు. నీరు దిగి చెక్క మెత్తబడితే నట్లు లోపలికి కుంగుతాయి, కీల్ ముందు భాగంలో అతుకు నోరు తెరుస్తుంది. ఆ పగులు వంపుగా ఉంటుంది కాబట్టి ఇక్కడి వాళ్ళు దానికి కేటలినా స్మైల్ అని పేరు పెట్టుకున్నారు. సన్నని గీతైతే నట్లు బిగించి, అతుకు శుభ్రం చేసి, మళ్ళీ సీల్ చేస్తే సరిపోతుంది. పగులు నుంచి పడవ పైకి తీసిన గంటల తర్వాత కూడా నీరు కారుతున్నా, ఆ నీరు తుప్పు రంగులో ఉన్నా, బిల్జ్‌లో వాషర్లు ఫైబర్‌లోకి దిగబడి కనిపించినా సంగతి పెద్దదే. బిల్జ్ నీళ్ళు తోడించి ప్రతి నట్టునూ చూడండి. తుప్పు తిని గుండ్రంగా మారిన నట్టుకు ఇక పానా పట్టదు.

కీల్ వెనక చివర పైన లోపలి వైపు పగుళ్ళున్నాయేమో కూడా చూడాలి. పడవ ఎక్కడైనా రాతికి గుద్దుకుంటే కీల్ ముందు భాగం కిందికి లాగుతుంది, వెనక భాగం పడవ అడుగును పైకి పొడుస్తుంది. బేలో తగిలేది ఎక్కువగా బురదే, నష్టం తక్కువ. కానీ పాత యజమాని ఎక్కడెక్కడ తిప్పాడో మనకు తెలియదు. 2014 మేలో చీకీ రఫీకీ అనే యాట్ అట్లాంటిక్ మధ్యలో కీల్ ఊడి బోల్తా పడి నలుగురు బ్రిటిష్ నావికులు చనిపోయారు. అంతకు ముందు అడుగు నేలకు తగిలిన సందర్భాలు, వాటి మరమ్మతులు అడుగు నిర్మాణపు అతుకును బలహీనపరిచి ఉండవచ్చని బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు సంస్థ చెప్పింది. అది 2006 నాటి పడవ. మనం చూస్తున్నవి అంతకు రెండు మూడు దశాబ్దాలు పాతవి.

చుక్కాని కూడా అంతే ముఖ్యం. రెండు ఫైబర్ చిప్పల మధ్య ఫోమ్, దాని లోపల స్టీలు కడ్డీకి వెల్డింగ్ చేసిన పట్టీలు ఉంటాయి. కడ్డీ దిగే చోట నీరు లోపలికి పోతుంది. పైకి తీసిన మర్నాడు కూడా చుక్కాని కింది అంచు నుంచి గోధుమ రంగు నీరు బొట్లు కారితే లోపలి పట్టీలు తుప్పు పడుతున్నాయని అర్థం. ఒకరు పైన స్టీరింగ్ కదలకుండా పట్టుకుంటే, ఇంకొకరు కింద చుక్కాని అంచు పట్టుకుని తిప్పి చూడాలి. పైన కదలకుండా కింద తిరిగిందంటే లోపల వెల్డింగ్ తెగినట్టే. ఆ పడవతో గోల్డెన్ గేట్ దాటి బయటికి వెళ్ళడానికి లేదు.

అడుగున బొబ్బలు చూసి చాలామంది బెదిరిపోతారు. ఫైబర్‌లోకి మెల్లగా ఊరిన నీరు లోపలి రసాయనాలతో కలిసి పుల్లని ద్రవంగా మారి పై పొరను ఉబ్బిస్తుంది. పొడిస్తే వెనిగర్ వాసన వస్తుంది. నాణెమంత బొబ్బలు పది ఇరవై ఉన్నా పడవ మునగదు. అడుగంతా ఒత్తుగా ఉంటే మాత్రం పొర గీకి, నెలల తరబడి ఆరబెట్టి, ఎపాక్సీ వెయ్యాలి. పడవ నేల మీద కొన్ని రోజులుంటే బొబ్బలు చదునైపోతాయి, కాబట్టి క్రేన్ నుంచి దిగిన గంటలోపే చూడండి. ఎప్పటి నుంచో యార్డులో నిలబెట్టిన పడవ అడుగు నున్నగా ఉందని మురిసిపోవద్దు. నా మటుకు బొబ్బల కన్నా మెత్తబడిన డెక్ వందరెట్లు పెద్ద సమస్య.

ప్రొపెల్లర్‌ను చిన్నగా కొట్టి వినండి. రాగి గులాబీ రంగుకు తిరిగి, ఖంగుమని మోగకపోతే అందులోని జింక్ కరిగిపోయి లోహం పెళుసెక్కిందన్నమాట. ప్రొపెల్లర్‌ను తిప్పే షాఫ్ట్‌ను పైకీ కిందికీ కదిపితే రబ్బరు బేరింగ్‌లో స్పష్టమైన కదలిక ఉండకూడదు. పడవ అడుక్కి ఉన్న ప్రతి నీటి రంధ్రానికీ ఒక వాల్వ్ ఉంటుంది. అన్నిటినీ తెరిచి మూసి చూడండి. మామూలు ఇంటి నల్లాల్లో వాడే గుండ్రని చక్రపు గేట్ వాల్వ్‌లు పాత పడవల్లో ఇంకా ఉంటాయి. అవి ఇత్తడివి, ఉప్పునీటిలో పెళుసెక్కి తిప్పగానే విరిగిపోతాయి. విరిగితే అంగుళం రంధ్రం గుండా సముద్రం లోపలికి వస్తుంది. అందుకని వాటిని పడవ నేల మీద ఉన్నప్పుడే తిప్పండి. గేట్ వాల్వ్‌లు కనిపిస్తే అన్నిటినీ కాంస్యపు సీకాక్‌లకు (సముద్రపు నీటికి తట్టుకునే వాల్వ్‌లకు) మార్చే ఖర్చు లెక్కలో వేసుకోండి.

ఇంజిన్ దగ్గరికి వచ్చేసరికి మన వాళ్ళు గంటల మీటరు చూసి తక్కువ తిరిగిందని సంతోషిస్తారు. పడవ ఇంజిన్‌కు తక్కువ తిరగడం మంచి లక్షణం కాదు. నెలల తరబడి ఉప్పునీరు లోపల నిలిచి తినేస్తుంది. ఏటా క్రమం తప్పకుండా నడిచి, నూనె మార్చిన రసీదులున్న ఇంజిన్ మేలు. మీరు వచ్చేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి, రాగానే చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి రావడమే సరి, ఎందుకంటే మొరాయించే ఇంజిన్‌ను ముందే వేడి చేసి ఉంచడం పాత ఎత్తు. చల్లటి డీజిల్ ఇంజిన్ కొద్ది సెకన్లలో అందుకోవాలి. మొదట కాస్త తెల్లపొగ వచ్చి ఆగిపోతే ఫర్వాలేదు. నీలం పొగ ఆగకుండా వస్తే నూనె కాలుతోంది. భారం పడగానే నల్లపొగ కక్కితే గాలి చాలకో, ఇంజెక్టర్లు పాడయ్యో, ప్రొపెల్లర్ మీద బార్నకిల్స్ అనే గుల్ల జీవులు పట్టో ఉంటుంది. వెనక గొట్టం నుంచి పొగతో పాటు నీళ్ళు దండిగా చిమ్మాలి. సన్నగా వస్తే నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లరైనా అరిగింది, పొగా నీరూ కలిసే ఎగ్జాస్ట్ ఎల్బో అయినా మసితో పూడింది. నూనె పుల్ల తీసి చూస్తే పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే లోపలికి నీరు చేరింది. రేవులో నడిపి చూడటం చాలదు, బయటికి తీసుకెళ్ళి పూర్తి వేగంతో పదిహేను నిమిషాలు నడిపి వేడి మీటరు చూడాలి. కొత్త డీజిల్ ఇంజిన్ వేయించాలంటే 15 వేల డాలర్లకు పైమాటే.

1980ల మధ్య వరకు వచ్చిన కొన్ని పడవల్లో అటామిక్ 4 అనే పెట్రోలు ఇంజిన్ ఉంటుంది. మొండి ఇంజిన్, మరమ్మతు తేలిక. కానీ పెట్రోలు ఆవిరి బిల్జ్‌లో చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. స్టార్ట్ చేసే ముందు కనీసం నాలుగు నిమిషాలు బ్లోయర్ (ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్) నడపాలి. ఆ ఫ్యాన్ తిరుగుతోందా, దాని గొట్టం చిరగకుండా బిల్జ్ అడుగు దాకా ఉందా చూసిన తర్వాతే తాళం తిప్పనివ్వండి.

వంటగ్యాసు విషయంలోనూ ఇదే భయం. ఇంట్లో లీకైతే తలుపు తీసి బయటికి తోలొచ్చు, పడవలో గాలి కన్నా బరువైన ఆ గ్యాసు కింద బిల్జ్‌లోకి దిగి కూర్చుంటుంది. సిలిండర్ ఉండే పెట్టె లోపలి గదుల వైపు పూర్తిగా మూసి ఉండి, దాని అడుగు నుంచి గొట్టం పడవ బయటికి తెరుచుకోవాలి. పడవ నడిపేవాళ్ళు కూర్చునే కాక్‌పిట్‌లో సీటు కింద మామూలు అరలో సిలిండర్ పెట్టి ఉంటే, అది తీసేయించే దాకా పొయ్యి వెలిగించొద్దు.

కరెంటు వైర్లలో కేటలినా వాళ్ళు ప్రత్యేకంగా చూడాల్సింది ఒకటుంది. పాత యూనివర్సల్ డీజిల్ ఇంజిన్ల నుంచి ప్యానెల్‌కు వెళ్ళే వైర్ల కట్టకు ట్రైలర్ ప్లగ్గుల్లాంటి కనెక్టర్లు వాడారు. ఛార్జింగ్ కరెంటంతా ఆ ప్లగ్గుల గుండా ప్యానెల్‌లోని అమ్మీటర్ దాకా వెళ్ళి తిరిగి వస్తుంది. ప్లగ్గు పిన్నులకు పచ్చగా చిలుము పడితే వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. ఇంజిన్ వెనక చెయ్యి పోనిచ్చి ఆ ప్లగ్గు పట్టుకుని చూడండి, నల్లబడినా వంకరపోయినా వెంటనే మార్పించాలి. రేవు కరెంటు తీసుకునే 30 ఆంపియర్ల సాకెట్ పిన్నుల చుట్టూ గోధుమ రంగు మాడు కూడా అలాంటిదే.

తెరచాపలకు ఎక్కువ చెప్పక్కర్లేదు. కుట్టు దారాన్ని గోటితో గీరితే తెగిపోతే ఎండకు పాడైనట్టు. గుడ్డ చొక్కా గుడ్డంత మెత్తగా ఉంటే గాలికి సాగి రూపం పోయినట్టు.

కాగితాల దగ్గర మన వాళ్ళు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. అమెరికాలో యాట్‌ను కోస్ట్ గార్డ్ దగ్గర ఫెడరల్ డాక్యుమెంటేషన్ కింద నమోదు చేయించవచ్చు, లేదా కాలిఫోర్నియాలో రాష్ట్ర వాహనాల శాఖ డీఎంవీ దగ్గర సీఎఫ్ నంబరు (రాష్ట్ర నమోదు సంఖ్య) తీసుకోవచ్చు. మొదటిది అమెరికా పౌరులకే. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళూ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళూ రాష్ట్ర నమోదుకే వెళ్ళాలి. కొంటున్న పడవ ఇప్పటికే కోస్ట్ గార్డ్ జాబితాలో ఉంటే అక్కడ తీసివేయించిన కాగితం చేతికి వచ్చాకే డబ్బు మొత్తం కట్టండి. ఆ జాబితాలో ఉన్న పడవకు కోస్ట్ గార్డ్ నుంచి అబ్‌స్ట్రాక్ట్ ఆఫ్ టైటిల్ తెప్పించుకుంటే పాత యజమానుల వరస, నమోదైన తనఖాలు తెలుస్తాయి. మెరీనా అద్దె బకాయి, యార్డు మరమ్మతుల బాకీ పడవనే అంటిపెట్టుకుని వస్తాయి కాబట్టి మెరీనా ఆఫీసులో కూడా బాకీ లేదని రాయించుకోండి. పడవ వెనక భాగంలో కుడివైపు పైన 12 అక్షరాల హల్ నంబరు, అంటే పడవ గుర్తింపు సంఖ్య, ఉంటుంది. 1972 నవంబరు తర్వాత కట్టినవన్నిటికీ తప్పనిసరి. కేటలినా అయితే సీటీవై అక్షరాలతో మొదలవ్వాలి, చివరి అంకెల్లో సంవత్సరం ఉంటుంది. కాగితం మీది నంబరుతో అక్షరం అక్షరం పోల్చండి. కొన్న తర్వాత కౌంటీ ఏటా ఆస్తి పన్ను వేస్తుంది, బెర్తుకు నెలకు మూడు నాలుగు వందల డాలర్లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువే పోతుంది. ఇంజిన్ ఉన్న పడవ నడపాలంటే 2025 జనవరి నుంచి ఏ వయసు వాళ్ళకైనా కాలిఫోర్నియా బోటర్ కార్డు ఉండాలి.

ఊరికే ఇస్తామన్న పడవ గురించి ఒక మాట. పేరు మారిన క్షణం నుంచి అది మునిగినా, బెర్తు అద్దె పడినా, చివరికి ముక్కలు చేసి పారెయ్యాల్సి వచ్చినా బాధ్యత కొత్త యజమానిదే. నడవలేని పడవలను యజమానులు స్వచ్ఛందంగా అప్పగించడానికి సేవ్ పేరుతో రాష్ట్రంలో ప్రత్యేక పథకమే ఉంది. అక్కడికి వెళ్ళాల్సిన పడవను మన పిల్లల నెత్తిన పెట్టించుకోకూడదు.

ఇవన్నీ సొంతంగా చూసుకున్నాక, పడవ ఇంకా నచ్చితే, అప్పుడు సర్వేయర్‌ను పిలవండి. శామ్స్ లేదా నామ్స్ అనే సర్వేయర్ల సంస్థల గుర్తింపు ఉన్నవాళ్ళను, అమ్మేవాళ్ళ బ్రోకర్ సిఫారసు లేకుండా మీరే ఎంచుకోండి. అడుగుకు పాతిక ముప్ఫై డాలర్లు తీసుకుంటారు. పాత పడవకు ఆ నివేదిక లేనిదే బీమా దొరకడం కష్టం, బీమా లేనిదే చాలా మెరీనాలు బెర్తు ఇవ్వవు. సర్వేయర్ ఏదీ విప్పడు, మామూలుగా మాస్ట్ ఎక్కడు, ఇంజిన్ లోపల చూడడు. రిగ్గర్, మెకానిక్ వేరే. ఒప్పందంలో పది శాతం బయానా మూడో పక్షం ఖాతాలో ఉండాలి. సర్వే, సముద్రంలో పరీక్ష తర్వాత నచ్చకపోతే తిరిగి ఇస్తామన్న షరతూ, మీ అంగీకారం చెప్పాల్సిన తేదీ, ఆ తేదీలోపు ఏమీ చెప్పకపోతే ఒప్పుకున్నట్టా కాదన్నట్టా అన్నదీ రాతపూర్వకంగా ఉండాలి. చాలా గొడవలు ఆ తేదీ దగ్గరే వస్తున్నాయి. వర్షాల వల్ల క్రేన్ దొరక్క సర్వే ఆలస్యమయ్యేట్టుంటే, గడువు తీరకముందే పొడిగింపు రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టండి.

ఇట్లు,
పడవల మరమ్మతు పనిలో ఉన్న ఒక పాఠకుడు
అలమేడా, కాలిఫోర్నియా